48 ఏళ్ళు కప్పు కోసం చూసిన కొండ ఊరు

ఇథాకా వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు మంచి బూట్లు కొనుక్కోవాలి. ఈ ఊళ్ళో చదునైన దారి తక్కువ. కింద పొడుగ్గా కయూగా సరస్సు, పైన కొండ మీద కార్నెల్ యూనివర్సిటీ, రెండింటి మధ్యా రాతిని కోసుకుంటూ దూకే వాగులు. కింద బజారు నుంచి పైన క్యాంపస్‌కి నడిచి వెళితే పిక్కలు పట్టేస్తాయి. పైకి చేరి వెనక్కి తిరిగి చూస్తే మాత్రం ఆ సరస్సు, అవతలి గట్టు మీద పచ్చటి పొలాలు, ఆ పైన మబ్బులు... నడిచిన కష్టం గుర్తుండదు.

న్యూయార్క్ అనగానే మనకి ఆకాశహర్మ్యాలే కళ్ళముందు మెదులుతాయి. ఆ నగరం నుంచి బస్సెక్కి వాయవ్యంగా ఐదు గంటలు ప్రయాణిస్తే వచ్చే న్యూయార్క్ వేరు. అడవులు, ద్రాక్షతోటలు, వేళ్ళు చాపినట్టుండే సరస్సులు. అందుకే వాటిని ఫింగర్ లేక్స్ అంటారు. అన్నిట్లోకీ పొడుగైనది కయూగా, 60 కిలోమీటర్ల పైమాటే. దాని దక్షిణపు కొసన ఉంది ఇథాకా. జనాభా 30 వేలు దాటి కొంచెం.

2025 మే నెలలో ఆ వారాంతం ఈ చిన్న ఊళ్ళో కాలు పెట్టడానికి చోటు లేదు. కార్నెల్‌లో పట్టాలిచ్చే వేడుక. దేశదేశాల నుంచి వచ్చిన అమ్మానాన్నలు, చీరలు, సూట్లు, గౌన్లు, సెల్ఫీలు. ఎక్కడో ఒకచోట తెలుగు కూడా చెవిన పడుతుంది. కానీ పట్టా అందుకోవాల్సిన కొందరు కుర్రాళ్ళు శనివారం ఇక్కడ లేరు. ఇక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దూరంలో, బోస్టన్ దగ్గరి ఫాక్స్‌బరోలో, చేతిలో కర్రలు పట్టుకుని పరుగెడుతున్నారు. అది అమెరికా కాలేజీ లాక్రోస్ సెమీఫైనల్. గెలిచారు. సోమవారం, 2025 మే 26న, ఫైనల్. కార్నెల్ అంతకుముందు చివరిసారి ఈ కప్పు గెలిచింది 1977లో. మన దగ్గర థియేటర్లలో 'అడవి రాముడు' ఆడిన ఏడాది!

చిక్కం కట్టిన కర్ర

లాక్రోస్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎద్దు మూతికి కట్టే చిక్కం చూశారు కదా? అలాంటి చిన్న వలని కర్ర చివర బిగించారనుకోండి, అదే లాక్రోస్ స్టిక్. బంతిని చేత్తో ముట్టకూడదు. ఆ వలలోనే పట్టాలి, అందులోనే మోయాలి, దాంతోనే విసరాలి. జట్టుకి పదిమంది. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. గోల్ ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. బంతి గట్టి రబ్బరుది. బాగా కొట్టేవాళ్ళు దాన్ని గంటకి 150 కిలోమీటర్లకి మించిన వేగంతో విసురుతారు. మన ఫాస్ట్ బౌలర్ వేగం అన్నమాట. గోల్‌కీపర్‌కి దాన్ని చూడ్డానికి దొరికేది కొన్ని గజాల దూరమే.

పరుగెత్తేటప్పుడు బంతి జారిపోకుండా కర్రని అటూ ఇటూ ఊపుతుంటారు. దాన్ని ఇక్కడివాళ్ళు పిలిచే పేరుకి అర్థం 'ఊయల ఊపడం'. ఒంటి మీదకి ముగ్గురు దూసుకొస్తున్నా చేతిలో ఊయల ఆగదు. ఆటలోని అందమంతా అక్కడే ఉంది.

క్యాంపస్‌లో కలిసిన ఒక తెలుగబ్బాయి, ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నవాడు, ఇలా చెప్పాడు: "వచ్చిన కొత్తలో ఇది హాకీనా, బాస్కెట్‌బాలా అర్థం కాలేదన్నా. మా రూమ్మేట్ లాక్కెళ్ళాడు. రెండు క్వార్టర్లయ్యేసరికి నేనే లేచి అరుస్తున్నా."

"ఇప్పుడు ఫైనల్‌కి వెళ్ళట్లేదా?" అనడిగాను.

"టికెట్టు, బస్సు, రూము... ఇంకా ఉద్యోగం రాలేదు కదన్నా. ఫోన్లో చూస్తా" అని నవ్వేశాడు.

21వ నంబరు ఎవరికీ ఇవ్వరు

క్యాంపస్‌కి వచ్చినవాళ్ళందరూ ముందు గడియార స్తంభం ఎక్కుతారు. మెక్‌గ్రా టవర్, 173 అడుగులు, 161 మెట్లు. పైన 21 గంటలున్నాయి. వాటిని విద్యార్థులే వాయిస్తారు. అది చూసి దిగాక ఆగ్నేయంగా ఓ పావుగంట నడవండి. పెద్ద అర్ధచంద్రాకారపు కాంక్రీటు గ్యాలరీ కనిపిస్తుంది. అదే షోల్‌కాఫ్ ఫీల్డ్. 1915లో కట్టారు. పట్టాల వేడుక జరిగేదీ ఇక్కడే, లాక్రోస్ ఆడేదీ ఇక్కడే. గ్యాలరీ పైమెట్టు మీద కూర్చుంటే మైదానం అవతల ఊరు, లోయ, కొండలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

2004 మార్చి 17న ఈ మైదానంలో జార్జ్ బొయార్డి చనిపోయాడు. 22 ఏళ్ళు. ఫైనల్ ఇయర్. బింగ్‌హామ్‌టన్‌తో మ్యాచ్ ముగియబోతోంది. గోల్ వైపు వస్తున్న షాట్‌కి అడ్డం వెళ్ళాడు. బంతి ఛాతీకి తగిలింది. కుప్పకూలిపోయాడు. గుండె కొట్టుకునే లయలో ఒకానొక క్షణాన ఛాతీకి దెబ్బ తగిలితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదముంది. చాలా అరుదు, కానీ ఆరోజు జరిగింది. ఇలాంటి మరణాల తర్వాతే ఛాతీని కాపాడే కొత్త రకం ప్యాడ్లు తయారయ్యాయి. ఇప్పుడు అమెరికాలో లాక్రోస్ ఆడే కుర్రాళ్ళకి అవి తప్పనిసరి.

జార్జ్ పెద్ద స్టార్ కాదు. గోల్స్ రికార్డులేమీ లేవు. అందరికంటే ఎక్కువ కష్టపడతాడని పేరు. చదువయ్యాక వెనకబడిన చోట్ల పిల్లలకి పాఠాలు చెప్పడానికి వెళ్ళాలనుకున్నాడు. కార్నెల్ జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళలో ఒళ్ళు దాచుకోకుండా కష్టపడే కుర్రాడికి ఎర్ర హార్డ్ హ్యాట్ అప్పగిస్తారు. కట్టడం పనుల్లో తలకి పెట్టుకునే టోపీ అన్నమాట. జట్టు ఎక్కడికెళితే అక్కడికి దాన్ని మోసుకెళ్ళడం అతని బాధ్యత. జార్జ్ కూడా ఒకప్పుడు దాన్ని మోసినవాడే. అతని 21వ నంబరు జెర్సీ ఇప్పుడెవరికీ ఇవ్వరు. ఈ సోమవారం ఆడబోయే కుర్రాళ్ళలో చాలామంది అతను పోయేనాటికి ఏడాది, రెండేళ్ళ పసివాళ్ళు. అయినా అతని కథ తెలియనివాళ్ళు జట్టులో ఉండరు.

ఇంకో పేరు కూడా ఇక్కడ వినిపిస్తుంది: ఎమన్ మెకనీనీ. 1976, 1977లలో వరసగా రెండు కప్పులు గెలిచిన జట్టుకి ప్రాణం అతను. తర్వాత న్యూయార్క్‌లో ఉద్యోగం, ఖాళీ దొరికితే కవిత్వం. 1993లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పేలినప్పుడు తోటివాళ్ళ చేత ఒకరి చెయ్యొకరు పట్టించి, పొగలోంచి మెట్లమీదుగా కిందికి దించాడు. 2001 సెప్టెంబర్ 11న అదే భవనంలో చనిపోయాడు.

ఈ ఫైనల్ ఏటా మెమోరియల్ డే నాడు జరుగుతుంది. యుద్ధాల్లో పోయిన సైనికులని అమెరికా తలచుకునే రోజది. ఇథాకా తలచుకునేవాళ్ళ జాబితా ఇంకాస్త పెద్దది.

ఈ నేల ఎవరిది, ఈ ఆట ఎవరిది

కయూగా అన్నది సరస్సు పేరు మాత్రమే కాదు, ఒక జాతి పేరు. యూరప్‌వాళ్ళు రాకముందు నుంచీ ఈ గట్ల మీద బతికినవాళ్ళు వాళ్ళే. మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా... ఈ ఆరు జాతుల కూటమి పేరు హొడెనొషోనీ. లాక్రోస్ వాళ్ళ ఆట. ఈ పేరు తర్వాత ఫ్రెంచివాళ్ళు పెట్టింది.

వాళ్ళకిది సృష్టికర్త ఆడమని ఇచ్చిన ఆట. ఔషధంలాంటి ఆట కూడా. ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే, కష్టమొస్తే వాళ్ళ కోసం ఆడతారు. పాతకాలంలో హద్దుల్లేని మైదానాల్లో వందలమంది ఆడిన సందర్భాలున్నాయి. కర్ర హికరీ చెట్టుది. ఆవిరి పట్టి వంచి, ఆరబెట్టి, చెక్కి, తోలుతాళ్ళతో వల అల్లేసరికి నెలలు పడుతుంది. మగపిల్లాడు పుడితే ఊయలలో చిన్న కర్ర పెట్టే ఆచారం ఉంది. పోయినప్పుడు పక్కనే కర్ర ఉంచుతారు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో, 1779లో, జార్జ్ వాషింగ్టన్ ఆదేశంతో సైన్యం ఈ ప్రాంతంలోని ఊళ్ళని, మొక్కజొన్న చేలని, పండ్లతోటలని తగలబెట్టింది. కయూగాలు చెల్లాచెదురయ్యారు. ఆ తర్వాత వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఊరికి గ్రీకు పురాణంలోంచి ఇథాకా అని పేరు పెట్టుకున్నారు. ఆ కథలో ఓడిస్సియస్ తన సొంత ఇథాకా చేరడానికి 20 ఏళ్ళు పడుతుంది. ఈ ఇథాకా అసలు మనుషులకి తమ నేల తిరిగి దొరకడం ఇంకా పూర్తవలేదు.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్ మళ్ళీ వస్తోంది, ఆరుగురు ఆడే పొట్టి రూపంలో. తమ జెండాతో, తమ పేరుతో ఆడతామని హొడెనొషోనీలు అడుగుతున్నారు. 2025 మే నాటికి ఒలింపిక్ కమిటీ ఒప్పుకోలేదు. ఆట పుట్టించినవాళ్ళే గేటు బయట ఉన్నారు. షోల్‌కాఫ్ గ్యాలరీలో కూర్చుని సరస్సు వైపు చూసేటప్పుడు ఈ సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది.

ఐదుసార్లు గుమ్మం దాకా

ఇక కప్పు కథ. కాలేజీ లాక్రోస్‌కి ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదలైంది 1971లో. మొట్టమొదటి విజేత కార్నెల్. ఫైనల్లో ఓడింది మేరీల్యాండ్. 1976లో మళ్ళీ కార్నెల్, మళ్ళీ మేరీల్యాండ్ మీదే, ఈసారి అదనపు సమయంలో 16-13. 1977లో జాన్స్ హాప్కిన్స్ మీద 16-8. కోచ్ రిచీ మొరాన్ నడిపిన ఆ జట్టు వరసగా 42 మ్యాచ్‌లు గెలిచింది. 43వది 1978 ఫైనల్. అందులో ఓడిపోయింది.

అక్కడ మొదలైంది ఎదురుచూపు. 1987లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఫైనల్‌కి వచ్చి ఒకే ఒక్క గోల్ తేడాతో పోగొట్టుకుంది. 1988లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఓటమి. 2009 సంగతి అడగొద్దు. పక్కూరి సిరక్యూస్‌తో ఫైనల్. నాలుగు నిమిషాల లోపు ఆట ఉంది. కార్నెల్ మూడు గోల్స్ ముందుంది. ఒకటి తగ్గింది, రెండు తగ్గాయి. నాలుగు సెకన్లుండగా స్కోరు సమం. అదనపు సమయంలో సిరక్యూస్ గెలిచింది. ఆ మ్యాచ్ ఎక్కడ జరిగిందో తెలుసా? ఫాక్స్‌బరోలో, జిలెట్ స్టేడియంలో. ఈ సోమవారం ఫైనల్ జరిగేది కూడా అక్కడే.

2022లో ఐదో దెబ్బ. ప్రత్యర్థి మేరీల్యాండ్. ఒక దశలో స్కోరు 9-2. కార్నెల్ వదల్లేదు, వరసగా ఐదు గోల్స్ కొట్టింది. 9-7 దగ్గర టైమ్ అయిపోయింది. ఆ ఏడాది మేరీల్యాండ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఈ సోమవారం ప్రత్యర్థి ఎవరనుకుంటున్నారు? మేరీల్యాండే.

అప్పటి ఓటమిలో ఉన్న ఫస్ట్ ఇయర్ కుర్రాళ్ళు ఇప్పుడు ఫైనల్ ఇయర్. వాళ్ళకిది ఎర్ర జెర్సీలో ఆఖరి మ్యాచ్.

15వ నంబరు

వాళ్ళలో ఒకడు సీజే కర్స్ట్. జెర్సీ నంబరు 15. న్యూజెర్సీ కుర్రాడు. ఐదుగురు అన్నదమ్ములు, అందరూ లాక్రోస్ ఆడినవాళ్ళే. తండ్రి కైల్ 2015లో హఠాత్తుగా చనిపోయాడు. అప్పటికి సీజే ఇంకా స్కూలు పిల్లాడు.

2025 సీజన్లో అతను డివిజన్-1 చరిత్రలోనే అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడయ్యాడు. పాత రికార్డు వర్జీనియా ఆటగాడు పేటన్ కోర్మియర్‌ది, 224. కర్స్ట్ ఇప్పుడు 240 దాటేశాడు. అతని ఆటలో చూడాల్సింది విసిరే బలం కాదు. రక్షకుడి భుజానికి భుజం ఆనించి, గోల్ వెనకనుంచి చుట్టి వచ్చి, అరక్షణం సందు దొరగ్గానే వదలడం. ఒకే చోటి నుంచి ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఒకసారి వీపు వెనకనుంచి. గోల్‌కీపర్ మొదట ఎటు కదిలితే అటు కాకుండా రెండోవైపుకి.

అతనొక్కడే అనుకోవద్దు. పక్కన మైకేల్ లాంగ్, రయన్ గోల్డ్‌స్టీన్ ఉన్నారు. ఒకరిని ఇద్దరు కమ్ముకుంటే రెండోవాడు ఖాళీ. ఈ ముగ్గురినీ ఆపడం ఎవరికీ తేలిక కాలేదు. కోచ్ కానర్ బూజెక్ కూడా ఒకప్పుడు ఇదే జట్టులో, ఇదే మైదానంలో ఆడినవాడు.

2025 సీజన్లో ఫైనల్‌కి ముందు కార్నెల్ 17 గెలిచింది, ఒక్కటే ఓడింది. టోర్నమెంట్లో మొదటి సీడ్. తొలి రౌండ్ షోల్‌కాఫ్‌లోనే, అల్బనీ మీద 15-6, సునాయాసంగా. క్వార్టర్ ఫైనల్లో రిచ్‌మండ్ ఊపిరాడనివ్వలేదు, 13-12తో గట్టెక్కారు. సెమీస్‌లో ఎదురైంది పెన్ స్టేట్, ఈ ఏడాది తమని ఓడించిన ఒకే ఒక్క జట్టు. శనివారం ఆ లెక్క తేల్చేశారు, 11-9.

అవతల మేరీల్యాండ్ రెండో సీడ్. సెమీస్‌లో సిరక్యూస్‌ని 14-8తో పంపించింది. ఆ జట్టు బలం గోల్ దగ్గర ఉంది. గోల్‌కీపర్ లోగన్ మెక్‌నేనీ 2022 ఫైనల్లో కార్నెల్ షాట్లని ఒకదాని తర్వాత ఒకటి ఆపి, ఆ టోర్నమెంట్‌లో మేటి ఆటగాడిగా నిలిచాడు. తమాషా ఏంటంటే అతనిది ఇథాకాకి గంట దూరంలోని కోర్నింగ్. మేరీల్యాండ్ కోచ్ జాన్ టిల్మన్ అయితే చదువుకున్నదీ, ఆడిందీ సాక్షాత్తూ కార్నెల్‌లోనే. ఇంటి గుట్టు తెలిసినవాళ్ళే ఎదురుగా ఉన్నారన్నమాట.

సోమవారం ఏం చూడాలి

మ్యాచ్ అమెరికా తూర్పు తీర సమయం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకి. మనకి సోమవారం రాత్రి 10:30. మొదటిసారి చూసేవాళ్ళు మూడు గమనించండి.

ఒకటి, ఫేస్ఆఫ్. ప్రతి గోల్ తర్వాతా మధ్యలో ఇద్దరు వంగి కూర్చుని బంతి కోసం కర్రలతో పెనుగులాడతారు. బంతి ఎవరికి దొరికితే ఆట వాళ్ళ చేతిలో. ఇక్కడ వరసగా నాలుగైదు గెలిచిన జట్టు క్షణాల్లో స్కోరు మార్చేస్తుంది. 2009లో కార్నెల్‌కి మూడు గోల్స్ ఆధిక్యం కూడా ఎందుకు సరిపోలేదో అది చూస్తే అర్థమవుతుంది.

రెండు, మెక్‌నేనీకీ కర్స్ట్‌కీ మధ్య పోటీ. మొదటి క్వార్టర్లో కర్స్ట్ షాట్లు రెండు మూడు ఆగిపోతే కార్నెల్ కుర్రాళ్ళకి 2022 గుర్తొస్తుంది. లోపలికి దూరితే మేరీల్యాండ్‌కి కంగారు మొదలవుతుంది.

మూడు, నేల మీద దొర్లే బంతి. ఎవరి దగ్గరా లేని బంతి కోసం ఎవరు ముందు వంగుతారో చూడండి. అందులో గొప్ప నైపుణ్యమేమీ కనిపించదు, టీవీ రీప్లేల్లో రాదు. కానీ ఎర్ర హార్డ్ హ్యాట్ ఇచ్చేది సరిగ్గా అలాంటి పని చేసేవాళ్ళకే.

ఇథాకా వెళ్ళే వీలున్నవాళ్ళకి చివరిగా ఒక మాట. మే నెలలో కూడా స్వెటర్ పట్టుకెళ్ళండి. ఊరికి ఉత్తరాన పదిహేను కిలోమీటర్ల దూరంలో టగానక్ జలపాతం ఉంది. 215 అడుగుల ఎత్తు, నయాగరా కంటే ఎత్తైనది. అది తప్పకుండా చూడండి. కాస్కడిల్లా వాగు పక్కనే రాతిమెట్ల దారి ఉంటుంది, బజారు నుంచి నేరుగా క్యాంపస్ దాకా ఎక్కొచ్చు. ఆ దారి చివరికి చేరాక షోల్‌కాఫ్‌కి వెళ్ళి గ్యాలరీలో కాసేపు కూర్చోండి.

సోమవారం కప్పు వచ్చినా రాకపోయినా వచ్చే ఏడాది కొత్త కుర్రాళ్ళు చేరతారు, వాళ్ళలో ఒకడి చేతికి ఆ ఎర్ర టోపీ వెళుతుంది, 21వ నంబరు ఖాళీగానే ఉంటుంది. వస్తే మాత్రం 1977 తర్వాత పుట్టి, ఈ కొండ మీద చదువుకుని వెళ్ళిపోయిన వేలమంది, ప్రపంచంలో ఎక్కడున్నా, ఆ రాత్రి ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. ఉద్యోగం కోసం చూస్తూ ఫోన్లో మ్యాచ్ చూసే మన తెలుగబ్బాయి కూడా.